మంచుగది ప్రోగ్రాము

కడియం దగ్గర పూలమొక్కల నర్సరీ నడిపే బుల్లెబ్బాయి మంచివాడే గానీ, పాతబడిన వస్తువు కంటపడితే ఆ పూటే బయట పెట్టేదాకా నిలవలేని తొందర మనిషి.

ఆయన నర్సరీలో అందరికీ ఇష్టమైన చోటు మంచుగది. తెల్లటి పట్టా కప్పిన పొడవాటి పందిరి అది. ఇంకా వేళ్లు పుట్టని కొమ్మముక్కలను అందులో ఇసుకలో గుచ్చేవారు. వేళ్లు లేని కొమ్మ నేలలోంచి నీళ్లు తాగలేదు. అందుకని ఆకులు ఆరిపోకుండా పైనుంచి సన్నటి తుంపర పడుతూ ఉండేది. తుంపర లేచిందంటే లోపలి వెలుగంతా పాలలా మారిపోయేది. రెండు బారల దూరంలో ఉన్న మనిషి కూడా నీడలా కనిపించేవాడు. అక్కడికి వెళ్లినవాళ్లు తమకు తెలియకుండానే గొంతు తగ్గించి మాట్లాడేవారు.

ఆ తుంపరను నడిపించేది ఆఫీసు గదిలోని సర్వరు. నర్సరీలోని ఐదు కంప్యూటర్లకూ పని పంచే నల్లపెట్టె అది. కాలేజీ మాస్టారొకాయన పధ్నాలుగేళ్ల కిందట రాసిచ్చిన చిన్న ప్రోగ్రాము అందులో ఉండేది. ఎండనూ గాలినీ కనిపెట్టి, ఎప్పుడు తుంపర పోయాలో అదే తేల్చుకునేది. మంచుగదిని చూసుకునే చిట్టెమ్మ ఆకుల తీరు చెబుతుంటే, మాస్టారు ఏటా కూర్చుని దాన్ని సరిచేసేవాడు. ఆయన పోయాక దాన్నెవరూ ముట్టుకోలేదు. అది మాత్రం పని మానలేదు.

ఆ వేసవిలో సర్వరు మొరాయించసాగింది. ఆర్డర్లు ఆలస్యమయ్యాయి. బుల్లెబ్బాయి రాజమండ్రి నుంచి షమీమ్ అనే ఇంజనీరును పిలిపించాడు. ఆమె రెండు రోజుల్లో కొత్త సర్వరు పెట్టి, ఆర్డర్లూ మొక్కల జాబితాలూ అందులోకి మార్చింది.

"ఇక ఆ పాతపెట్టె తీసేద్దామండి," అన్నాడు బుల్లెబ్బాయి.

"అప్పుడే వద్దండి. మంచుగది ప్రోగ్రాము బాగా పాతది. కొత్త సర్వరులో నేరుగా నడవదు. కొత్తదాని లోపలే, అచ్చం పాత కంప్యూటరులా ఉండే చోటొకటి దానికోసం తయారు చెయ్యాలి. ప్రోగ్రాముకు నకలు తీసుకున్నాను. సోమవారం వచ్చి ఆ పని చేస్తాను. అప్పటిదాకా రెండిటినీ నడవనివ్వండి," అంది షమీమ్.

బుల్లెబ్బాయి సరేనన్నాడు. కానీ కొత్త సర్వరు పక్కన దుమ్ము పట్టిన నల్లపెట్టె రొద చేస్తుంటే ఆయనకు మనసు నిలవలేదు. శుక్రవారం పొద్దున దాన్ని ఆపేసి, పాతసామాన్ల బండికి ఎత్తించేశాడు. కొత్త సర్వరులో అరగంటకోసారి తుంపర పడేలా గడియారం పెట్టాడు.

చిట్టెమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. "అబ్బాయిగారూ, దీనికి గాలి సంగతి తెలుస్తుందాండీ?"

"టైముకి నీళ్లు పడితే చాలు కదా పిన్నీ," అన్నాడాయన.

అప్పుడు మంచుగదిలో మూడొందల నూరువరహాలు కొమ్మలున్నాయి. తేనెరంగు పువ్వు పూసే రకం అది. ఒక కాలువగట్టు మీద ఆ చెట్టును చిట్టెమ్మే కనిపెట్టి కొమ్మలు తెచ్చింది. ఆ తర్వాత వారానికే గట్టు వెడల్పు చేస్తూ ఆ చెట్టును కొట్టేశారు. ఆ రంగు పువ్వు వాళ్లకు మరెక్కడా కనబడలేదు.

శనివారం మధ్యాహ్నం పడమటి గాలి నిప్పులా వీచింది. బుల్లెబ్బాయి రాజమండ్రిలో ఉండగా చిట్టెమ్మ ఫోను చేసింది.

"ఆకులు వాలిపోతున్నాయండి. కొత్తదాన్ని ఎలా తిప్పాలో నాకు తెలీదు. చేతి స్ప్రేయరుతో నీళ్లు కొడుతున్నాను. సరిపోవట్లేదు."

ఆయన వచ్చేసరికి మంచుగదిలో మంచు లేదు. వెలుగు బోసిగా ఉంది. గాలి పట్టాను ఎగరేస్తోంది. చిట్టెమ్మ చీర తడిసి ముద్దయి, వరస వెంట వరస నడుస్తూ నీళ్లు చల్లుతోంది. కొమ్మల చివర్లు నల్లబడ్డాయి. బుల్లెబ్బాయి పరుగున వెళ్లి తుంపర ఆగకుండా పడేలా పెట్టాడు. అప్పటికే మాడిన ఆకులు ఆ నీళ్లకు రాలిపోసాగాయి. ఆయన వెంటనే షమీమ్‌కు ఫోను చేసి, తాను చేసింది దాచకుండా చెప్పాడు.

ఆమె ఉన్నపళంగా బయలుదేరి వచ్చింది. సాయంత్రానికల్లా కొత్త సర్వరు లోపల పాత ప్రోగ్రాముకు చోటు చేసింది. అది కళ్లు తెరిచి, గాలిని చూసుకుని, కాస్త ఆగి, తుంపర వదిలింది. మళ్లీ ఆగింది. మళ్లీ వదిలింది. నిద్రపోతున్న మనిషి ఊపిరిలా ఉంది ఆ వరస. ముగ్గురూ మంచుగదిలోకి వెళ్లి ఆ తెల్లదనంలో నిలబడ్డారు.

"పధ్నాలుగేళ్ల నీ కష్టాన్ని పెట్టెతోపాటు బండికెత్తాను పిన్నీ," అన్నాడు బుల్లెబ్బాయి.

"బతికినవి చూద్దాం రండి అబ్బాయిగారూ," అంది చిట్టెమ్మ.

మూడొందల్లో ముప్పైఒకటి బతికాయి. నెల తిరిగాక వాటి అడుగున తెల్లటి వేళ్లు దారాల్లా కనిపించాయి. బుల్లెబ్బాయి ఒక్కో మొక్కనూ తన చేత్తోనే కుండీలోకి మార్చాడు. చచ్చిపోయినవాటి ఖాళీ చోట్లలో చాలాకాలం మరేదీ గుచ్చనివ్వలేదు.

పాతదాన్ని దించేముందు, అది మోస్తున్న పని ఏమిటో తెలుసుకుని, ఆ పనిని కొత్తదానికి పదిలంగా అప్పగించాలి.