వంకర అంచు బంగారం

ఒక్క నాణెం అంచు వంకరగా ఉందని మనిషి చెయ్యి నరకమన్నాడు ఆ జమీందారు! ఎంత ఘోరం! ఇంగ్లీషు ఓడలవాళ్ళ దగ్గర, యంత్రాలు లేని రోజుల్లో సుత్తితో కొట్టి చేసిన పాత బంగారు నాణేలు కొని పెట్టెలో దాచుకోవడం ఆయనకు పిచ్చి. ఆ రోజు బల్లమీద పెట్టిన నాణెం చూసి, "ఇది గుండ్రంగా లేదేమండీ?" అని ఇంటికొచ్చిన అతిథి నవ్వాడు.

జమీందారు మొహం మాడిపోయింది. "గది ఊడ్చే పోలమ్మే అంచు కత్తిరించింది. వంకరగా ఉందంటే దొంగతనమే!" అని అరిచాడు. ఆయన సైగ చెయ్యగానే తలారి కత్తి ఎత్తాడు.

"నరికించండి దొరా. ముందు ఆ పెట్టె తెరవండి," అంది పోలమ్మ.

తెరిచాడు. లోపల ఒక్క నాణెమూ గుండ్రంగా లేదు! అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు.

"వీటిని నేను ముట్టుకోలేదు దొరా. తాళంచెవి ఎప్పుడూ మీ మొలతాడుకే ఉంటుంది కదా?"

తలారి, ఎత్తిన కత్తి దించకుండానే, జమీందారు చేతివంక చూశాడు.