జగ్గభూపతి ఎంపిక

వెనకటికి ఏటా జమీందార్లు గరిడీకి వచ్చి, కుస్తీ నేర్చిన కుర్రాళ్ళలోంచి తమ కొలువుకు మల్లుల్ని ఏరుకునేవారు. ఎవరు ఎవర్ని తీసుకుంటారోనని ఊరంతా పందేలు కాసేది.

"నా ఎంపిక ఊహించడం బ్రహ్మతరం కూడా కాదు!" అన్నాడు ఒక ఏడు జమీందారు జగ్గభూపతి నిండు సభలో.

గాజులమ్మే గవరమ్మ లేచింది. ఆమె తమ్ముడు పైడయ్య మంచి మల్లుడే గానీ, పేదవాడని ఏ జమీందారూ అతనివైపు చూసేవాడు కాదు.

"నేను చెబుతాను దొరా. మీరు ఎవర్నైనా తీసుకుంటారు గానీ, మా పైడయ్యను మాత్రం తీసుకోరు. నా మాట తప్పయితే ఏడాదిపాటు మీ గుర్రపుశాల ఊడుస్తాను."

"అయితే చీపురు పట్టుకో!" అని జగ్గభూపతి పకపకా నవ్వి, పైడయ్య మెడలో దండ వేశాడు. "ఓడిపోయావే!"

"ఓడిపోయాను దొరా," అంది గవరమ్మ నిబ్బరంగా. "మీరు గెలిస్తేనే గదా మావాడికి కొలువు దొరికేది!"

సభంతా గొల్లుమంది. వేసిన దండ తీయలేక జగ్గభూపతీ నవ్వేశాడు.