పైడితల్లి చింతచెక్క

అనగనగనగా, నాగావళి ఏటి పక్కన ఒక ఊరుండేదిట. ఆ ఊళ్ళో గోనెసంచుల మిల్లు ఒకటి. మిల్లు గేటుకి ఎదురుగా పైడితల్లి పూటకూళ్ళ ఇల్లు. మధ్యాహ్నం గంట కొట్టేసరికి ముప్పై నలభై మంది వచ్చి ఆకుల ముందు కూర్చునేవాళ్ళు.

పైడితల్లి కత్తిపీట ముందు కూర్చుందంటే చూడాలి తల్లీ! బుట్టెడు బెండకాయలు చిటికెలో చక్రాలైపోయేవి. ముప్పై ఏళ్ళు అలాగే తరిగింది.

అప్పుడు ఒక వానాకాలం ఆవిడ మోకాళ్ళు పట్టేశాయి. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. డాక్టరుగారు చూసి, "ఇంక నేల మీద కూర్చోకమ్మా" అన్నారు. పైడితల్లికి ఏడుపొచ్చింది. కూర తరగలేనిదాన్ని పూటకూళ్ళమ్మ అని ఎవరంటారు? రెండ్రోజులు ముఖం ముడుచుకుని ఉంది. మూడోరోజు, "పట్టేసింది కాళ్ళే కదా, చేతులు కాదుగా! నిలబడే తరుగుతాను" అంది.

నిలబడి తరగాలంటే బల్ల మీద పెట్టుకునేందుకు ఏదో ఒకటి ఉండాలి కదా. బజారుకెళ్ళి తళతళలాడే గాజు పలక కొనుక్కొచ్చింది. దాని మీద కత్తి వేస్తే టకటకమని ఒకటే చప్పుడు. నాలుగు రోజులకి కత్తి మొద్దుబారిపోయింది. మొద్దు కత్తిని గట్టిగా నొక్కబోతే జర్రున జారి వేలు తెగింది.

ఆ తర్వాత, పళ్ళు వచ్చే పెట్టె ఒకటి పగలగొట్టి దాని చెక్క తీసుకుంది. మెత్తటి చెక్క, కత్తికి హాయిగా ఉంది. కానీ వేటుకో గాటు పడేది. ఆ గాట్లలో పసుపు, ఉల్లి తొక్క, చేప పొలుసు, అన్నీ ఇరుక్కునేవి. శుభ్రంగా ఉంటుందనుకుని నీళ్ళ తొట్టిలో వేసి నానబెట్టేది. అది కాస్తా ఉబ్బి, బీటలు వారింది. అయినా, పని జరుగుతోంది కదా అని ఊరుకుంది.

ఒక ఆదివారం ఆ చెక్క మీదే కోడిమాంసం కోసింది. మిల్లు గంట కొట్టే వేళ. గబగబా నాలుగు నీళ్ళు చల్లి, గుడ్డతో తుడిచి, దాని మీదే కీరదోసకాయలు తరిగి పెరుగులో కలిపింది.

మర్నాడు తెల్లారేసరికి, అది తిన్నవాళ్ళలో ముగ్గురికి వాంతులు, విరేచనాలు. బళ్ళో పాఠాలు చెప్పే లలితాంబ టీచరుగారికి సెలైను కూడా ఎక్కించారు. ఊరంతా ఒకటే మాట, "ఇది చిలకమ్మ పెరుగు చేసిన పనే!" అని.

చిలకమ్మ రెండు గేదెలు పెట్టుకుని ఇంటింటికీ పాలూ పెరుగూ పోసుకునే మనిషి. పాపం, ఆవిడ వస్తుంటే తలుపులు వేసేసుకున్నారు. పైడితల్లి కూడా, అవును కాబోలు అనుకుంది.

ఆ తర్వాత పైడితల్లి ఆ బీటల చెక్కని బాగు చేయించుకుందామని వడ్రంగి సింహాద్రి దగ్గరికి పట్టుకెళ్ళింది. ఆయన చెక్కని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"దీని మీద ఏమేం కోస్తావు పైడమ్మా?"

"అన్నీ దీని మీదే అన్నా. చేప, కోడి, కూరలు."

"మొన్న ఆదివారం?"

"కోడి. ఆ తర్వాత కీరా..." అంటూనే పైడితల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"కోడి పొయ్యి మీద ఉడికింది. అందులో చెడు పోయింది. ఈ బీటల్లో ఉండిపోయింది కీరాకి అంటింది, దాన్ని పచ్చిగానే తినేశారు కదమ్మా" అన్నాడు సింహాద్రి మెల్లిగా.

పైడితల్లి ఇంటికి బయల్దేరింది. ఈ సంగతి తనకీ సింహాద్రికీ తప్ప ఎవరికీ తెలీదు. నోరు మూసుకుంటే పోయేదేమీ లేదు. చెబితే తన ఆకు ముందు మళ్ళీ ఎవరు కూర్చుంటారు? అలా అనుకుంటూ నడుస్తుంటే ఏటి గట్టున చిలకమ్మ కనిపించింది. అమ్ముడుపోని పాలు బిందె వంచి ఇసకలో పారబోస్తోంది. పాలు ఇంకిపోయిన చోటునే చూస్తూ నిలబడింది.

పైడితల్లి ఆగలేకపోయింది. దగ్గరికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది. చిలకమ్మ ఖాళీ బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

అప్పుడు పైడితల్లి, కుంటుకుంటూ ఆసుపత్రికి వెళ్ళి టీచరుగారికి చెప్పింది. అక్కణ్ణుంచి మిల్లు గేటు దగ్గరికెళ్ళి, గంట కొట్టాక అందరూ బయటికొచ్చేవేళ గట్టిగా అంది. "తప్పు పెరుగుది కాదు బాబూ. నా చెక్కది. కాదు, చెక్క మాత్రం ఏం చేస్తుంది, తప్పు నాది."

సింహాద్రి ఆవిడకి చింత మానుతో రెండు చెక్కలు చేసిచ్చాడు. "మాంసం కొట్టే మొద్దు చింతదే ఎందుకంటావు? గట్టిది, గాటు లోతుగా దిగదు. కత్తినీ పాడు చెయ్యదు. ఇదిగో, ఎర్ర తాడు కట్టింది కోడికీ చేపకీ. రెండోది కూరలకి. ఒకదాని పని ఇంకోదానితో చేశావో, నా దగ్గరికి రాకు!"

"రానులే అన్నా. ఇంకేం చెయ్యాలో చెప్పు."

"నానబెట్టకు. సబ్బు రాసి, వేణ్ణీళ్ళతో కడిగి, తుడిచి, అంచు మీద నిలబెట్టు. ఎండలో పెడితే పగుల్తుంది, గాలికి ఆరనీ. అప్పుడప్పుడు ఇంత కొబ్బరినూనె పట్టించు. కింద తడిగుడ్డ వేసుకుంటే కదలదు. గాట్లు పడితే పట్రా, చిత్రిక పడతాను."

పైడితల్లి అన్నీ అలాగే చేసింది. చేసి, తలుపు తీసి, వండి కూర్చుంది. మొదటి రోజు ఎవ్వరూ రాలేదు. రెండో రోజూ రాలేదు, అన్నం చల్లారిపోయింది.

మూడో రోజు చిలకమ్మ వచ్చింది. పెరుగు కుండ దింపి, గేటు దగ్గర ఉన్నవాళ్ళందరికీ కనబడేలా గుమ్మానికి ఎదురుగా కూర్చుంది.

"ఆకెయ్యి పైడక్కా. కీరా పెరుగుపచ్చడి చేశావా?"

"లేదే. చెయ్యడానికి చేతులు రాలేదు."

"చెయ్యి మరి. పెరుగు నాది, చెక్క నీది. ఎవరేపాటివాళ్ళమో తేలిపోతుంది!" అని నవ్వేసింది.

పైడితల్లి కళ్ళు తుడుచుకుని, చేతులు కడుక్కుని, కూరల చెక్క బల్ల మీద వేసింది. టకటక లేదు, జారడం లేదు. మెత్తగా, చకచకా, సన్నంగా తరిగింది. చిలకమ్మ వేళ్ళు నాక్కుంటూ తింది.

గేటు దగ్గర నిలబడి చూస్తున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చి పైడితల్లి గుమ్మం ముందు చెప్పులు విప్పారు.

కూరకో చెక్క, కోడికో చెక్క,
కడిగి నిలబెడితే చింత లేదక్కా!
కథ పోయె కంచికి, కునుకొచ్చె కంటికి,
పద తల్లీ మనమింక మన మంచానికి!