ఊరంతా ఉపవాసమున్న విందు

అనగనగా, అడవిని ఆనుకుని ఈలకొండ అని ఒక ఊరుండేదర్రా. అడవి ఎంత దగ్గరంటే, పొద్దున్నే తలుపు తీస్తే నెమళ్ళు గుమ్మంలో నిలబడి, ఇంకా లేవలేదా అన్నట్టు చూసేవి. తొలకరి పడిందంటే చాలు, పేరు తెలియని మొలకలూ, పేరు తెలియని పువ్వులూ, రెక్కల మీద రంగులు పూసుకున్న పురుగులూ ఆకుపచ్చ వెలుగులో తడిసి మెరిసిపోయేవి. అంత అందమైన అడవి పక్కన ఎలాంటి మనుషులుండాలి? కళ్ళున్న మనుషులుండాలి. ఈలకొండ వాళ్ళకీ కళ్ళున్నాయి, లేకేం. వాడే అలవాటే లేదు.

ఊ కొడుతున్నారా? గట్టిగా కొట్టండి మరి, నాకు వినపడొద్దూ!

ఆ ఊరి రాజు సుముఖుడు. ఆయన ఏటా తొలకరి వెళ్ళగానే పేర్ల పండగ చేయించేవాడు. ఊరంతా అడవికి పోవాలి. ఎవరూ గుర్తుపట్టని మొక్కనో, జంతువునో కలిసి చూడాలి, కలిసి పేరు పెట్టాలి. వినడానికి ఎంత బావుందో చూశారా? జరిగేది మాత్రం వేరు. రాజుగారు పల్లకీలోంచి బెత్తం చాపి ఇది ఫలానా అనేవాడు. వెంటనే మంత్రి అవునవును. మంత్రి అన్నాడని సేనాపతి అవునవును. సేనాపతి అన్నాడని పురోహితుడు, పురోహితుడు అన్నాడని షరాబు, షరాబు అన్నాడని కుమ్మరి, కుమ్మరి అన్నాడని కుమ్మరి పెళ్ళాం, ఆవిడ చంకలో పాపాయి కూడా ఉంగా ఉంగా. ఇక దండోరా వేసేసేవారు. కాదన్న మగవాడికి సగం మీసం గొరిగి గాడిద మీద ఊరేగింపు. ఆడదైతే కుటుంబంతో సహా సామాను నెత్తినెత్తుకుని ఊరి బయటికి.

ఒక ఏడు నక్కను చూసి వేటకుక్క అన్నాడు. అవునవును! తీసుకెళ్ళి కోళ్ళగూటికి కాపలా కట్టారు. తెల్లారేసరికి కోళ్ళు లేవు, ఈకలున్నాయి. ఏం కుక్కరా, దొంగకి ఒక్క కోడినైనా మిగల్చలేదు అని మెచ్చుకున్నారు.

మరో ఏడు దురదగొండి కాయల్ని చూసి పట్టుకుచ్చులన్నాడు. ఆ కాయల మీద బంగారు నూగు మెత్తగా మెరుస్తుంటుంది, ముట్టుకుంటే తెలుస్తుంది దాని సంగతి. సభలో పెద్దలందరూ దండలు కట్టి మెళ్ళో వేసుకున్నారు. ఇక చూడండి! మంత్రి వీపు గోక్కుంటున్నాడు, సేనాపతి కత్తి ఒరతో గోక్కుంటున్నాడు, పురోహితుడు స్తంభానికి రాసుకుంటున్నాడు. గోక్కుంటూనే, ఆహా మహాప్రభూ, పట్టు తగిలి ఒళ్ళు పులకరిస్తోంది అంటున్నారు. నవ్వకండర్రా, నవ్వితే కథ జారిపోతుంది.

ఆ ఊరికి కొత్తగా కాపురానికొచ్చింది నాంచారి. కోట వంటశాల పెత్తనం చేసే వెంగమ్మకి కోడలు. ఆ పిల్లకి ఒకటే జబ్బు, చూడటం. ఆకు కనబడితే తిరగేసి అడుగున ఏముందో చూసేది. పిట్ట కూస్తే ఎక్కడుందా అని వెతుక్కుంటూ పొయ్యి మీద పాలు మర్చిపోయేది. ఆ కళ్ళు పొయ్యి మీద పెట్టవే తల్లీ, చెట్టు మీద కాదు, చెట్టు నీకు అన్నం పెడుతుందా అని వెంగమ్మ దులిపేసేది. పెడుతుంది కదా అత్తయ్యా అని నాంచారి నోటిదాకా వచ్చేది. మింగేసేది.

ఆ ఏడు పండగలో ముళ్ళపొద నీడన ఒక తీగ కనబడింది. లేతగా, సొగసుగా, పక్కనున్న కొమ్మను పట్టుకుని పైకి పాకుతోంది. పట్టుకోడానికి దానికి వేరే నులితీగల్లేవు. ఆకు కొసే మెలితిరిగి, చంటిపిల్ల అమ్మ కొంగు పట్టుకున్నట్టు కొమ్మను పట్టుకుంది. నాంచారి వంగి చూసింది. ఎవరే నువ్వు, ఇంత ముద్దుగా ఉన్నావు అని మనసులోనే దాన్ని పలకరిస్తోంది. ఈలోగా పల్లకీలోంచి బెత్తం బయటికొచ్చింది.

“చిలగడదుంప!” అన్నాడు రాజు.

మంత్రి అవునవును, సేనాపతి అవునవును, చంకలో పాపాయి ఉంగా ఉంగా. తవ్వి చూస్తే నిజంగానే దుంప! ఇంకేముంది, రాజుగారి ఆనందం పట్టలేం. మర్నాడు ఊరందరికీ దుంపల పులుసుతో విందన్నాడు.

చిలగడదుంప ఆకు ఇలా ఉండదు కదా అత్తయ్యా అని నాంచారి గుసగుసగా అంది.

“నోర్ముయ్యవే! నీ సామాను ఒక్కటే ఎత్తుకుంటావా, నాదీ ఎత్తుకుంటావా?” అంది వెంగమ్మ.

మర్నాడు వంటశాలకి గంపలతో దుంపలొచ్చాయి. ఆ కోటలో ఒక ఆచారముంది. వండిన చెయ్యే మొదటి ముద్ద తినాలి, తర్వాతే రాజుగారు. ఎప్పుడూ ఆ ముద్ద వెంగమ్మే తినేది. ముద్దంటే ముద్ద కాదు, చిన్న కొండ. అలాంటి వెంగమ్మ ఆ పూట నుదుట విభూది పెట్టుకుని, నాకివాళ ఉపవాసమే అమ్మాయ్, వంట నువ్వే చేసి మొదటి ముద్ద నువ్వే తిను అంది.

నాంచారి బిత్తరపోయింది. ఏకాదశి నాడు ఉప్మా తిని, ఉప్మా అరగడానికి దోసెలు తినే అత్తగారికి ఉపవాసమా? సరే, చింతపండు కావాలని పక్కింటికి వెళ్ళింది. పక్కింటావిడకీ ఉపవాసం. ఉప్పు కోసం ఎదురింటికి వెళ్తే ఎదురింటావిడకీ ఉపవాసం. కరివేపాకు కోసం మంత్రిగారింటికి వెళ్తే మంత్రికి, మంత్రి పెళ్ళానికి, వాళ్ళ పిల్లికి కూడా ఉపవాసం.

“ఏ దేవుడికి పిన్నిగారూ?” అని మంత్రి పెళ్ళాన్ని అడిగింది.

“ఏమోనమ్మా, కల్లోకొచ్చాడు. పేరు చెప్పకుండా వెళ్ళిపోయాడు.”

అప్పుడర్థమైంది నాంచారికి. అది తినే దుంప కాదని ఊరంతటికీ తెలుసు. ఎవరి నోరు వాళ్ళు దాచుకున్నారు. ఇక మిగిలిన నోళ్ళు తనదీ రాజుగారిదీ. తింటే తెల్లారి మళ్ళీ అడవిని చూస్తుందో లేదో. తిననంటే మొగుణ్ణీ అత్తనీ తీసుకుని ఊరొదిలి పోవాలి. ఆ గంపల మధ్య కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపయ్యాక కొంగుతో ముక్కు తుడుచుకుని, ఒక ఆలోచన చేసింది.

పడుకున్నారా ఏంటర్రా? అసలైంది ఇప్పుడే.

విస్తళ్ళు వేశారు. పులుసు వడ్డించారు. ఒక్కరూ చెయ్యి పెట్టట్లేదు. మొదటి ముద్ద కానివ్వమన్నాడు రాజు. నాంచారి చేతులు కట్టుకుని నిలబడింది. తింటాను మహారాజా, కానీ ఇవాళ ఊరంతా ఉపవాసం, ఈ పులుసు తినే భాగ్యం మనిద్దరికే పట్టింది అంది.

రాజు తెల్లబోయాడు. ఎందుకుట ఉపవాసం అన్నాడు. అందరూ విస్తళ్ళలోకి చూస్తున్నారు.

“అందర్నీ కలిపి అడిగితే ఒకటే మాట వస్తుందండి. ఒక్కొక్కళ్ళనీ పిలిచి చెవిలో చెప్పమనండి. పక్కవాడికి వినపడకూడదు. పేరు మీరు పెట్టేశారు, దాని జోలికి ఎవరూ పోవద్దు. కళ్ళారా చూసింది చెబితే చాలు. చూసింది చెప్పడం కాదనడం కాదు గదండీ?” అంది నాంచారి.

నిజమే కదా అన్నాడు రాజు.

మేకల కాపరి వచ్చాడు. మా మేకలు చెప్పునైనా నములుతాయి గానీ దీన్ని వాసన చూసి మొహం తిప్పేసుకున్నాయి దొరా అన్నాడు. తేనె పట్టే ఆవిడ వచ్చింది. శ్రావణంలో దీనికి నిప్పు అంటుకున్నట్టు పువ్వులు పూస్తాయి, అడుగున పసుపు, పైన ఎరుపు, అన్నిటికంటే అందంగా ఉంటుంది కానీ చిలగడదుంపకి అలాంటి పువ్వు నేనెరగను అంది. కుమ్మరి వచ్చి, అడవిపందులు చుట్టూ కుళ్ళగించి దీన్నొక్కదాన్నే వదిలేశాయన్నాడు. మంత్రి వచ్చాడు. పోయినేడు మా ఆవుదూడ ఈ దుంపే కొరికి చచ్చిపోయింది ప్రభూ అన్నాడు.

“మరి నిన్న అందరికంటే ముందు అవునన్నావు కదయ్యా!”

“ముందు అనకపోతే మంత్రి పని ఎలా ఉంటుందండీ!”

ఆఖర్న వెంగమ్మ వచ్చింది. ఇది తిని మా పుట్టింటి ఊళ్ళో ఒకాయన బతకలేదు బాబూ అంది. మరి కోడలి చేత తినిపిస్తావా అని రాజు కళ్ళెర్రజేశాడు. తింటుందనుకోలేదు బాబూ, రోజూ ఏదో ఒకటి ఒలకబోస్తుంది కదా, ఇదీ ఒలకబోస్తుందనుకున్నాను అని ముక్కు చీదింది.

అందరూ అయ్యారు. మీరేం చూశారు మహారాజా అని నాంచారి మెల్లగా అడిగింది. రాజు అటూ ఇటూ చూశాడు. దగ్గరికి రమ్మని, ఈసారి తనే ఆ పిల్ల చెవిలో చెప్పాడు.

“నాకు బెత్తం కొస దాకా కూడా చూపు ఆనదు తల్లీ. పచ్చగా ఏదో కదిలింది. నోటికొచ్చింది అన్నాను. ఇంతమంది అవునన్నారు కదా, నిజమే కాబోలనుకున్నాను.”

చూశారా? కళ్ళు కనబడని రాజుని చూసి ఊరు అవునంది, ఊరు అవునందని రాజు నమ్మాడు. ఈలకొండలో చూసింది ఎవరూ చెప్పకుండానే అన్నేళ్ళు పేర్లు పెట్టేశారు.

నాంచారి నవ్వలేదు. ఆయన చెయ్యి పట్టుకుని పల్లకీ లేకుండా అడవికి నడిపించింది. ముళ్ళపొద దగ్గర కూర్చోబెట్టి, తవ్వకుండా మిగిలిన ఒక తీగని ముక్కుకి ఆనేంత దగ్గరగా వంచింది. మెలితిరిగిన ఆకు కొసని రాజు వేలుతో తాకాడు. ఎంతసేపు చూశాడో. ఇంత బావుంటాయా ఇవి అన్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి.

పులుసు గొయ్యి తీసి పాతిపెట్టారు. వెంగమ్మ తన చేత్తోనే పప్పూ అన్నం వండింది. ఊరి ఉపవాసాలన్నీ ఒక్కసారే విడిచాయి, మంత్రిగారి పిల్లిదీ విడిచింది. అత్తాకోడళ్ళు పక్కపక్కన కూర్చుని తిన్నారు. వెంగమ్మ తన విస్తట్లో నెయ్యంతా కోడలి ముద్ద మీద పోసింది, అది ఆవిడ క్షమాపణ. సగం మీసాలు గొరగడమూ, ఊరి బయటికి పంపడమూ మానేశారు. ఆ ఏటినుంచి పండగలో ముందు అందరూ చూసింది చెప్పాలి, రాజుగారు ఆఖర్న మాట్లాడాలి. శ్రావణంలో ఆ తీగకి నిప్పు పువ్వులు పూశాక, దాన్ని ఊరంతా దగ్గరగా చూసి అగ్నిశిఖ అన్నారు. చూడొచ్చు, మురిసిపోవచ్చు, నోట్లో మాత్రం పెట్టకూడదని పిల్లలకి చెప్పారు.

మీరూ అంతే. పక్కవాడు ఏమన్నాడా అని వాడి మూతికేసి చూడకండి, చెట్టుకేసి చూడండి. చూసింది చెప్పండి. తెలియకపోతే తెలియదనండి, నాలుకేం అరిగిపోదు.

కథ కంచి బండెక్కింది, మనం దుప్పట్లో దూరదాం. పడుకోండి బంగారూ.