కోశాక కాసేపు

డాక్టర్ సువర్చలగారికి ఒక అలవాటుంది. పొట్ట పెద్దగా కోయకుండా, చిన్న రంధ్రాల్లోంచి గొట్టాలు పెట్టి గర్భసంచి తీసేటప్పుడు, ఒక్కో రక్తనాళం కోశాక ఆవిడ చెయ్యి ఆగుతుంది. కత్తి మొనను ఎలాగూ తీసేయబోయే ఆ గర్భసంచి మీదే ఆనించి, కాసేపు ఊరుకుంటుంది. తర్వాతే ఇంకో పని. మత్తు ఇచ్చి రోగి తలవైపు కూర్చోవడం నా ఉద్యోగం కాబట్టి, ఈ ఆగడాలన్నీ నేనూ భరించాను. నడుం పీకుతుంటే లోలోపల విసుక్కున్నాను కూడా.

ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న కిరీటికి నాకంటే విసుగెక్కువ. కరెంటు వేడితో రక్తనాళాన్ని మూసే పాత పట్టకారు మేలా, మహావేగంతో అదురుతూ ఆ రాపిడి వేడితో మూయడం, కోయడం ఒకేసారి చేసేసే కొత్త కత్తి మేలా అన్నది అతని పరిశోధన. గడియారం చూసి రెంటినీ పోల్చేవాడు. మేడమ్ ఆగడంతో తన లెక్క పాడవుతోందని ఒకటే గొణుగుడు. ఒకరోజు చేతులు కడుక్కుంటూ అడిగేశాడు.

"ఇన్నేళ్ళు రెండూ వాడారు కదా మేడమ్. ఏది మంచిదో ఒక్క మాటలో చెప్పండి."

పొద్దుట్నుంచి నిలబడే ఉన్న ఆవిడకి జవాబు చెప్పే ఓపిక లేదు. ఈ కేసు నువ్వు చెయ్యి, నేను కెమెరా పట్టుకుంటానంది.

బల్లమీద ఉన్నది దాలమ్మ. పలాస దగ్గర జీడిపిక్కలు కొట్టే షెడ్డులో పని. నెలల తరబడి రక్తం పోయి పోయి మనిషి పాలిపోయింది.

కిరీటి చెయ్యి మంచిదే, ఉన్నమాట చెప్పుకోవాలి. కొత్త కత్తితో చకచకా కోసుకుపోతున్నాడు. ఒక రక్తనాళం కోసి, కత్తిని నడిపే పెడల్ మీంచి కాలు తీశాడు. అంతలో పేగు జారి అడ్డొచ్చింది. చేతిలో ఉన్న కత్తి మొనతోనే దాన్ని పక్కకి నెట్టాడు. కాలు తీశాడు కాబట్టి కత్తి చల్లబడిందనుకున్నాడు, పిచ్చివాడు. పొగ లేదు, ఎరుపు లేదు, అలాగే అనిపిస్తుంది. కెమెరా చూపే తెరమీద, పేగు మీద నువ్వుగింజంత తెల్లమచ్చ తేలింది.

మేడమ్ "ఆగు" అని మాత్రం అంది. కెమెరా అతనికిచ్చి, ఆ మచ్చమీద కుట్టు వేసి, మిగతాది తనే ముగించింది. కాలిన చోటు ఆ పూటకి బాగానే ఉంటుంది. నాలుగు రోజులు పోయాక మెత్తబడి చిల్లు పడిందంటే, పేగులో ఉన్నదంతా కడుపులో చేరి మనిషి దక్కడం కష్టం. అంచేత పచ్చి మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా కనిపెట్టుకుని ఉండాలి.

దాలమ్మకి తెలివొచ్చాక, జరిగింది జరిగినట్టు చెప్పమని మేడమ్ కిరీటినే పంపింది. నేనూ వెనకాల వెళ్ళాను. అతను నీళ్ళు నమిలి నమిలి చివరికి చెప్పాడు. ఆమె అతని చేతులకేసి చాలాసేపు చూసింది.

"నా పిల్ల ఇంకా సిన్నది బావూ. నన్ను సంపీకు."

అని అటు తిరిగి పడుకుంది.

ఆ తర్వాత కిరీటి ఆ మంచం వదల్లేదు. కడుపు మెత్తగా ఉందా, ఒళ్ళు వెచ్చబడిందా అని చూసుకోవడమే పని. ఆమె గెంజి అడిగేది, ఇతను వద్దనేవాడు. ఆమె తిట్టేది, ఇతను పడేవాడు. ఒక సాయంత్రం జ్వరం తగిలేసరికి మేమంతా ఆ మంచం చుట్టూ చేరాం. తెల్లారేసరికి అదే తగ్గింది. ఆ వారంలో మేడమ్ ముఖం చూడలేకపోయాను, అంత వడిలిపోయింది.

చివరికి ఒక ఉదయం మేడమ్ కడుపు నొక్కి చూసి, ఇక గెంజి పట్టమంది. కిరీటి గ్లాసు పట్టుకున్నాడు. దాలమ్మ రెండు గుక్కలు తాగి, ఉప్పు వెయ్యలేదేమని విసుక్కుంది. అతను వరండాలోకి వెళ్ళి, గోడకి ఆనుకుని ఏడ్చాడు. మళ్ళీ ఏమీ ఎరగనట్టు లోపలికొచ్చాడు.

ఆ రోజే ఇంకో ఆపరేషన్ ఉంది. కుళాయి దగ్గర ఇద్దరూ పక్కపక్కనే చేతులు కడుక్కుంటున్నారు. ఈసారి అతను అడక్కుండానే మేడమే మోచేతుల మీంచి నీళ్ళు కారనిస్తూ అంది.

"కోయడానికి రెండూ కోస్తాయి కిరీటీ. కోశాక, దాన్ని ఎక్కడ ఆనిస్తావు?"