చింతపండుతో తోమిన పూసలు

పిచ్చేశ్వరరావు మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. అందుకే ఊళ్లో ఆయన్ని ఎవరూ ఏమీ అడగరు. దూరం నుంచే దండం పెట్టి పక్క వీధిలోకి తిరిగిపోతారు. ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న హైమవతి మాత్రం అడిగింది.

పాత బ్యాటరీలు కరిగించే కొలిమి వచ్చాక ఊరి బావుల్లోకి సీసం దిగింది. దాన్ని లాగేయడానికి హైమవతి నాలుగేళ్లు కూర్చుని ఆవగింజంతేసి తెల్లపూసలు తయారుచేసింది. అవి నీళ్లలోని సున్నం జోలికి పోవు, ఉప్పు జోలికి పోవు. సీసాన్నే పట్టుకుని నల్లబడతాయి. మర్నాడు ఇంటింటికీ ఒక పూసల సంచి పంచాలి. సర్పంచిగారు ఫొటో కోసం అప్పుడే మీసాలకు రంగు వేయించుకున్నారు.

"మాస్టారూ, నా పూసలు సీసాన్ని తప్ప మరిదేన్నీ ముట్టవు. ఇంకేం కావాలని పంపిణీ కాగితం మీద సంతకం ఆపారు?"

"బంగారమ్మ ఇంటికి వెళ్లి రామ్మా."

నెల కిందట మొదటి సంచి ఇచ్చింది బంగారమ్మకే. ఆమెకు ఒకటిస్తే ఊరంతటికీ దండోరా వేయించినట్టేనని.

హైమవతి మిట్టమధ్యాహ్నం వెళ్లింది. పెరట్లో అడుగుపెట్టగానే ఏదో తక్కువైనట్టు అనిపించింది. అది చప్పుడని తెలియడానికి కాసేపు పట్టింది. పదకొండు కోళ్లు రెక్కలు వాల్చి, గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాయి. వాటి మధ్య నుంచి నడిచినా ఒక్కటీ కదల్లేదు. ఒక కోడి గింజను ముక్కుతో పట్టింది. గింజ జారిపోయింది. మళ్లీ పట్టింది. మళ్లీ జారింది.

లోపల బంగారమ్మ బిందెలోంచి సంచి తీసి చూపించింది. పూసలు మొదటిరోజులాగే తెల్లగా ఉన్నాయి.

"ఇవి నల్లబడలేదా పిన్నీ?"

"ఎందుకు పడలేదూ! అంత మురికి పడుతుంటే నాకు ముద్ద దిగుతుందా? రోజూ చింతపండు పెట్టి, ఇత్తడి చెంబులు తోమినట్టు తోమి మళ్లీ వేస్తున్నా. చూడు ఎలా మెరుస్తున్నాయో! చదువుకున్నావు గానీ, నీకీ శుభ్రం ఎక్కడిదే?"

"తోమిన నీళ్లు?"

"పారబోస్తామా ఏంటి? కోళ్ల మూకుడులో పోస్తున్నా."

పెరట్లో ఏ కోడీ కూయలేదు.

హైమవతి తిరిగొచ్చి, పూసలు పట్టిన సీసమంతా చింతపండు పులుపుకు వదిలి కోళ్ల నీళ్లలోకి పోయిందని చెప్పింది. మాస్టారు కాగితం ముందుకు లాక్కుని, కలం మూత తీశారు.

"సంతకానికేం, పెడతాను. ముందు ఈ ఊళ్లో చింతపండు లేని వంటిల్లు ఒకటి చూసి రామ్మా."