గిజిగాడి సగం గూడు

ఒకప్పుడు గిజిగాళ్ళకు గూళ్ళు అల్లడం వచ్చుగానీ, వాళ్ళకంటూ ఒక్క గూడు కూడా ఉండేది కాదు.

అదేమిటి, అల్లేది వాళ్ళే కదా అంటారేమో! అల్లేది వాళ్ళే. కానీ వాగు పొడవునా పెరిగిన రెల్లుగడ్డి అంతా గద్ద దొరది. ఒడ్డునున్న ఈతచెట్లూ ఆయనవే. ఎలా అయ్యాయంటే, ఆయన అందరికన్నా పైన ఎగురుతాడు గనక అందరికన్నా ముందు చూశాడట. "ముందు చూసినవాడిదే సొత్తు" అన్నాడు. అంతంత గోళ్ళు పెట్టుకుని ఆ మాటంటే, కాదనేదెవరు?

తెల్లవారగానే గిజిగాళ్ళు రెల్లు చీల్చుకొచ్చి అల్లేవాళ్ళు. పొద్దు వాలేసరికి కాకి మేస్త్రి వచ్చి, ఒక్కొక్కరి ముందూ నాలుగు గడ్డిగింజలు విదిల్చి, గూళ్ళన్నీ దొర పేరున పెట్టేవాడు. వాటిలో పిచ్చుకలూ గోరింకలూ కాపురం ఉండేవి. ఉన్నందుకు, తాము ఏరుకొచ్చిన తిండిలో సగం దొరకు ఇచ్చుకునేవి.

ఆ గూళ్ళకు పేరు కూడా 'గద్ద గూళ్ళు' అనే! "మా దొర అల్లిక చూశావా, చినుకు దిగదు!" అని గోరింకలు మురిసిపోతుంటే, అల్లినవాళ్ళు పక్కకొమ్మ మీద కూర్చుని వినేవాళ్ళు.

ఆ గిజిగాళ్ళలో పోగయ్య అని ఒకడు. అల్లికలో అందెవేసిన చెయ్యి. కాదు కాదు, అందెవేసిన ముక్కు! అతని భార్య గింజమ్మ. ఆ ఏడు తొలకరి దగ్గర పడుతుంటే గింజమ్మకు గుబులు పట్టుకుంది.

"ఏమయ్యా, గుడ్లు ఎక్కడ పెట్టమంటావు?"

"కిందటేడు పెట్టిన చోటే. తుమ్మకొమ్మ పంగలో."

"కిందటేడు పెట్టినవి ఏమయ్యాయి?"

మొదటి వానకే మూడు గుడ్లూ జారి వాగులో పడ్డాయి. గింజమ్మ ఒడ్డు వెంట అరుస్తూ, అవి కనపడనంత దూరం దాకా ఎగిరి వచ్చింది.

అందుకే ఈసారి ఆమె సరాసరి దొర దగ్గరికే వెళ్ళింది.

"గూడు కావాలా? ఉండు తల్లీ, కాదన్నానా? అందరిలాగే మీ తిండిలో సగం ఇచ్చుకో."

"నాలుగు గింజల్లో సగమా దొరా? అది నా మగడు అల్లిన గూడే కదా!"

"ముక్కు నీ మగడిది. గడ్డి నాది" అన్నాడు గద్ద.

గింజమ్మకు ఆ మాట మింగుడు పడలేదు. దిగి వెళ్ళి రెల్లునే అడిగింది. "రెల్లమ్మా, నువ్వు దొరదానివా?"

రెల్లు పచ్చటి ఆకులు ఊగేటట్టు నవ్వింది. "నన్ను తడిపింది వాన. సాకింది వాగు. నాకో దొర ఉన్నాడని నువ్వు చెబితేనే తెలిసింది. ఆయన ఒక్కనాడైనా ఇటు దిగితేనా!"

"ఆయన లేకపోతే ఏమవుతావు?"

"ఏమవుతాను, పెరుగుతాను."

"మేం రాకపోతే?"

"అప్పుడూ పెరుగుతాను. కానీ గడ్డిగానే ఉండిపోతాను పిల్లా. గూడు కాలేను."

గింజమ్మ రివ్వున తిరిగొచ్చి, ఈ మాట అందరికీ చెప్పింది. గిజిగాళ్ళలో పెద్దవాడు, ఈకలు రాలిన సన్నయ్య తాత, భయంగా అటూ ఇటూ చూశాడు.

"బాగానే ఉంది గానీ అమ్మాయీ, దొర ఆ నాలుగు గింజలూ ఆపేస్తేనో?"

"గింజలు ఏరుకోవడం మనకు రాదా తాతా?"

"ఎందుకు రాదూ! ఏరుకునే తీరిక ఎప్పుడిచ్చాడు గనక?" అని, తన మాట తనకే వినబడి, తాత అటూ ఇటూ చూడడం మానేశాడు.

"అయితే రేపటినుంచి అల్లడం మానేద్దాం" అన్నాడు పోగయ్య.

"ఉహుఁ. మానేస్తే సోమరిపోతులంటారు. సగం అల్లి ఆపండి. మిగతా సగం ఎవరివల్ల అవుతుందో లోకమే చూస్తుంది" అంది గింజమ్మ.

మర్నాడు ఈతచెట్ల నిండా సగం గూళ్ళు వేలాడాయి. బోర్లించిన బుట్టల్లా పైన కప్పు ఉంది, కూర్చోను అడ్డంగా ఒక గడ్డి దూలం ఉంది, కింద అడుగు లేదు. కాకి మేస్త్రి రెక్కలు టపటప కొట్టుకున్నాడు.

"ఏమిట్రా ఈ టోపీలు! అడుగేదిరా? దొర చూస్తే ఈకలు పీకుతాడు!"

"మా ముక్కుల వంతు అయిపోయింది మేస్త్రీ. ఇక దొరగారి గడ్డి వంతు. తనంతట తనే అల్లుకోమనండి!" అన్నాడు పోగయ్య. చెట్టు చెట్టంతా కిచకిచా నవ్వింది.

గద్ద దొర స్వయంగా దిగాడు. గోళ్ళు చాచాడు గానీ, ఎవర్ని పట్టుకోవాలి? వాళ్ళు వందలమంది, ఆయనకున్నవి రెండే కాళ్ళు. ఒకర్ని ఎత్తబోతే అందరూ ఒక్కసారే చుట్టుముట్టి అరిచారు. "ఈమాత్రం నాకు రాదా?" అంటూ ఆయనే ఒక రెల్లుపోగు ముక్కున పట్టాడు. పుటుక్కున తెగింది. ఇంకోటి పట్టాడు. అదీ తెగింది.

"అదేమిటే, గద్ద గూళ్ళు గద్దకే రావే!" అన్నాయి గోరింకలు.

అప్పటికి మబ్బు కమ్ముకొచ్చింది. దొర మెల్లగా గింజమ్మ పక్కన వాలాడు. "చూడు తల్లీ, నిండు పొట్టతో ఉన్నావు. నీ ఒక్క గూడు పూర్తి చేయించుకో. నీ దగ్గర గింజ కూడా తీసుకోను. మిగతావాళ్ళను మాత్రం పనిలోకి దిగమని చెప్పు."

కింద వాగు చప్పుడు గింజమ్మ చెవుల నిండా మోగింది. మూడు గుడ్లు కళ్ళముందు కొట్టుకుపోయాయి. ఊఁ అందామని ముక్కు తెరిచింది కూడా. అంతలో ఎదుటి సగం గూట్లో, తనలాగే బరువుగా, దూలం మీద మునగదీసుకుని కూర్చున్న ఇంకో ఆడపిట్ట కనిపించింది. దాని వెనక ఇంకొకతె. ఆ వెనక ఇంకొకతె.

"నావే గుడ్లా దొరా? వాళ్ళవి గులకరాళ్ళా?" అంది గింజమ్మ.

వాన మొదలైంది. ఒకరోజు కురిసింది, రెండోరోజూ కురిసింది. ఎవరూ ఒక్క పోగు అల్లలేదు. పాత గూళ్ళు చివికిపోయి పిచ్చుకలూ గోరింకలూ తడిశాయి. "గూడివ్వనివాడికి తిండెందుకు?" అని అవి దొరకు సగం ఇవ్వడం మానేశాయి. మూడోనాటికి దొరకు ఆకలి తట్టుకోవడం కష్టమైంది. వాగు వదిలిపోయి, దూరాన ఎత్తయిన చెట్టొకటి వెతుక్కుని, తనకు చేతనైనట్టు నాలుగు పుల్లలు పోగేసుకుని కూర్చున్నాడు. మేస్త్రీ ఆయన వెనకే పోయి పుల్లలు ఏరుకున్నాడు.

వాగంతా ఖాళీ! గిజిగాళ్ళు వానలోనే రెల్లు మీదికి ఎగిరారు. పోగయ్య గడ్డిపోగు పట్టుకుని సగం గూటి ముందు ఆగాడు.

"ఏమే, ఓసారి చూసి చెప్పు. ఇది చాలా, మార్చనా?"

గింజమ్మకు ఒక క్షణం అర్థం కాలేదు. ఉండబోయేవాళ్ళను గూడెలా ఉందని అడగడం ఆ వాగు ఒడ్డున అదే మొదటిసారి. ఆమె దూలం మీద కూర్చుంది. ముక్కుతో ముడి లాగింది. ఒళ్ళంతా బరువేసి ఊగింది.

"ఇదిగో, ఇక్కడ కాస్త బిగించు... ఆఁ. ఇక కానివ్వు."

సాయంత్రానికి అడుగు పడింది, లోపలికి దారిగా కిందికి గొట్టం దిగింది. గింజమ్మ లోపల మూడు గుడ్లు పెట్టింది. కింద వాగు పొంగి పారుతూనే ఉంది. ఒక్క గుడ్డు కదిలితే ఒట్టు!

అప్పటినుంచే గిజిగాళ్ళు ఎక్కడ అల్లినా గుంపుగా, ఒకే చెట్టున అల్లుకుంటారు. అప్పటినుంచే మగపిట్ట సగం అల్లి ఆగుతుంది. ఆడపిట్ట వచ్చి, లాగి, ఊగి చూసి సరే అంటేనే మిగతా సగం అల్లుతుంది.